తేదీ లేని కాగితం

మా అమ్మాయిని రేపల్లె ఇచ్చాం. దాని కూతురు బాపట్లలో హాస్టల్లో ఉండి ఇంజినీరింగు వెలగబెడుతోంది. మేమిద్దరం తెనాల్లో ఉంటున్నాం. "అయితే ఏమిటిట?" అంటారు మీరు. ఏమీ లేదు. బాపట్ల నుంచి రేపల్లెకు రైల్లో వెళ్ళాలంటే తెనాలి వచ్చి బండి మారాలి. 1916లో రేపల్లె లైను వేసిన దొరలు, ఎప్పుడో పుట్టబోయే మా మనవరాల్ని దృష్టిలో పెట్టుకునే వేశారని మా ఆవిడ గట్టి నమ్మకం. పండక్కో పబ్బానికో అమ్మ దగ్గరికి బయల్దేరిన పిల్ల, మధ్యలో మా ఇంట్లో దిగి, ఒక పూట గోంగూర పచ్చడీ పప్పుచారూ తిని గాని రేపల్లె బండి ఎక్కదు.

2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చినప్పుడు ఇంకో చిత్రం జరిగింది. రేపల్లె బాపట్ల జిల్లాలోకి పోయింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది. మా అమ్మాయి గుంటూరు జిల్లాలో కాపరానికి వెళ్ళి, గడప దాటకుండానే బాపట్ల జిల్లా మనిషైంది. నేను మాత్రం మొన్న మొన్నటిదాకా ఆవకాయ పార్సిలు మీద "రేపల్లె, గుంటూరు జిల్లా" అనే రాశాను. పార్సిలు నిక్షేపంలా చేరింది. పిన్‌కోడు మారలేదు గనక చేరింది. రాత తప్పయినా పని జరిగిపోయే సందర్భాలు ఇలా కొన్ని ఉంటాయి. మనిషిని పాడుచేసేవి అవే.

అసలు సంగతికి వస్తాను. 2025 ఆగస్టులో ఒక శనివారం సాయంత్రం మనవరాలు దిగింది. ఎప్పుడూ గుమ్మంలోంచే "అమ్మమ్మా, ఆకలి!" అని కేకేసే పిల్ల, చెప్పులు విడిచి, మాట్లాడకుండా వెళ్ళి మంచం మీద కూలబడింది. కళ్ళ కింద నల్లటి చారలు. మా ఆవిడ నా వంక చూసింది. పిల్ల ఎవరినైనా ప్రేమించిందేమోనని ఆవిడ భయం. పరీక్ష తప్పిందేమోనని నాది.

రెండూ కాదు. రెండు రాత్రులుగా నిద్ర లేదట. హాస్టల్లో ఎవరు ఏ పూట తిన్నారు, ఎవరు ఊరెళ్ళారు, నెలాఖరుకు ఎవరెంత కట్టాలి, ఈ మెస్సు లెక్కలన్నీ చూసే వెబ్‌సైటు ఒకటి తయారుచేసి సోమవారం చూపించాలి. ఇంతవరకూ మొదటి పేజీయే తెరుచుకోలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు కొడుతున్నా కంప్యూటరు తప్పంటోంది.

"ఉన్నది ఉన్నట్టేనా? ఎక్కడో కామా వదిలేసుంటావు" అన్నాను, అనుభవజ్ఞుడిలాగా.

"పన్నెండుసార్లు చూశాను తాతయ్యా. నావల్ల కాదు. నాకీ చదువు రాదు. మానేస్తాను" అంది. అని, ఏడ్చింది.

ఇక్కడ కాస్త ఆగి, నాకర్థమైనంత వరకు ఆ విద్యేమిటో మీకు చెప్పాలి. పెళ్ళికి పందిరి వెయ్యాలంటే ఇదివరకు వెదుళ్ళు కొట్టడం దగ్గర్నుంచి మనమే చూసుకునేవాళ్ళం. ఇప్పుడు షామియానా సప్లయర్సు ఉన్నారు. గుంజలు, గుడ్డలు, కుర్చీలు, చివరికి పెళ్ళిపీటలూ వాళ్ళవే. మనం పెళ్ళికూతుర్నీ పెళ్ళికొడుకునీ తెచ్చుకుంటే చాలు. వెబ్‌సైట్లు కట్టేవాళ్ళకు అలాంటి సప్లయరే వెబ్ ఫ్రేంవర్కు అంటే. మా పిల్ల తెచ్చుకున్న సప్లయరు పేరు జాంగో. ఇంగ్లీషులో రాస్తే ముందు డి అక్షరం ఉంటుంది గాని అది పలకదు. తెలుగులో రాసుకుంటే ఆ బెడదే లేదు. ఎడమచేతి రెండు వేళ్ళు కాలి పనికిరాకుండా పోయినా గిటారు వాయించి లోకాన్ని మెప్పించిన జాంగో రైన్‌హార్ట్ అనే ఆయన పేరది. ఈ జాంగో పుట్టింది అమెరికాలో కాన్సస్ రాష్ట్రంలో, లారెన్స్ అనే ఊళ్ళో, ఒక దినపత్రిక ఆఫీసులో. 2003లో ఏడ్రియన్ హోలోవాటీ, సైమన్ విల్లిసన్ అనే ఇద్దరు కుర్రాళ్ళు పత్రిక పని తెమల్చుకోడానికి మొదలుపెట్టారు. 2005 జూలైలో "ఎవరికి కావాలంటే వాళ్ళు వాడుకోండి, లోపల ఏముందో విప్పి చూసుకోండి, బాగుచేస్తే మాకూ చెప్పండి" అని లోకం మీదికి వదిలేశారు. దీన్నే ఓపెన్ సోర్సు అంటారు. ఉచితం. అద్దె లేని షామియానా అన్నమాట.

షామియానా ఉచితమే. కాని ఏ గుంజ ఎక్కడ పాతాలో చెప్పే మనిషి రాడు. కాగితం వస్తుంది. దాన్ని డాక్యుమెంటేషన్ అంటారు. మా పిల్ల ముద్దుగా "డాక్స్" అంటుంది. మనం వాడుక పుస్తకం అనుకుందాం.

"ఏదీ ఆ పుస్తకం" అన్నాను. స్పైరల్ బైండింగు చేసిన ఓ బొత్తి నా చేతికిచ్చింది. బాపట్లలో ఒక జిరాక్సు షాపులో అరవై రూపాయలిచ్చి కొన్నదిట. ఏనాటి సీనియరో కష్టపడి తయారుచేశాడు. జిరాక్సుకు జిరాక్సు, దానికి మళ్ళీ జిరాక్సు తీసి, అక్షరాలు చీమలకు పక్షవాతం వచ్చినట్టున్నాయి. నాకు కంప్యూటరు రాదు. ముప్పై ఏడేళ్ళు గుమాస్తాగిరీ చేసినవాడికి వచ్చే విద్య ఒక్కటే. కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాను. మొదటి పేజీ చూశాను, చివరి పేజీ చూశాను.

"దీని మీద తేదీ ఏదే?"

"తేదీ ఏమిటి తాతయ్యా?"

"ఎప్పుడు రాసిందీ అని. మా సెక్షన్లో తేదీ లేని కాగితాన్ని ఫైల్లో పెట్టనిచ్చేవాళ్ళు కాదు."

పిల్ల ఏడుపాపి నా మొహంలోకి చూసింది. తరవాత లాప్‌టాప్ తెరిచి, ఆ జాంగో వాళ్ళ సొంత వాడుక పుస్తకం తీసింది. అంతకుముందు తీయకేం, తీసిందిట. ఇంగ్లీషు ఎక్కువగా ఉందని మూసేసిందిట. బొత్తి చిన్నది గదా అని దాన్ని పట్టుకుంది. పాపం, అందులో తప్పేముంది? మనం మాత్రం మందుసీసాతో వచ్చిన కాగితం చదువుతామా, పక్కింటాయన చెప్పినట్టు వేసుకుంటాం గాని.

పావుగంటలో గుట్టు రట్టయింది. బొత్తిలో "యూఆర్ఎల్" అనే పరికరాన్ని పిలవమని ఉంది. ఇప్పటి జాంగోలో ఆ పేరుగలవాడే లేడు. 2017 డిసెంబరులో 2.0 వచ్చినప్పుడు ఆ పనికి "పాత్" అనే కొత్తవాణ్ణి పెట్టారు. పాతవాణ్ణి వెంటనే వెళ్ళగొట్టలేదు. 2020లో 3.1 వచ్చినప్పుడు "ఇతను త్వరలో రిటైరవుతున్నాడు, జాగ్రత్తపడండి" అని హెచ్చరిక మొదలెట్టారు. 2021 డిసెంబరులో 4.0 తో పంపించేశారు. నాలుగేళ్ళు! ఇల్లుగలవాడు అద్దెకున్నవాడికి కూడా ఇంత గడువివ్వడు. మా పిల్ల దగ్గరున్నది 2025 ఏప్రిల్లో వచ్చిన 5.2. బొత్తి రాసిన పుణ్యాత్ముడు 2017కు ముందువాడు. అదైనా అన్ని పేజీలకూ వర్తించదు. మొదట్లో రెండు పేజీలు ఇంకా పాతవి. అందులో ప్రింట్ అనే మాట పక్కన బ్రాకెట్లు లేవు. పైథాన్ అనే భాషలో బ్రాకెట్లు లేకుండా ప్రింట్ రాసే ఆచారం రెండో పైథాన్‌ది. మూడోది 2008 డిసెంబరులోనే వచ్చింది, రెండోదానికి 2020 జనవరి 1తో నీళ్ళు వదిలేశారు. అంటే ఆ బొత్తిలో మూడు తరాలవాళ్ళు ఒకే పంక్తిలో భోజనానికి కూర్చున్నారు. వడ్డించుకున్న మా పిల్లకు అజీర్తి చెయ్యడంలో ఆశ్చర్యమేముంది?

నన్ను ఆశ్చర్యపెట్టింది వేరే సంగతి. జాంగో వాళ్ళ పుస్తకంలో ప్రతి పేజీ మూలన కిందగా, ఇది ఏ వెర్షను పుస్తకమో అంకె వేసి ఉంది. పాత వెర్షన్ల పుస్తకాలు చింపెయ్యలేదు, అవీ ఉన్నాయి. కాని పాత పుస్తకం తెరిస్తే నెత్తిమీదే, ఇది మేం చూడడం మానేసిన వెర్షనుది, భద్రం కాదు, కొత్తదానికి మారండి అని హెచ్చరిక కనబడుతుంది. మొదటి పాఠం మొదటి పేజీలోనే, ముందు నీ దగ్గరున్న వెర్షను ఎంతో చూసుకో, ఈ పాఠం దానికి సరిపోకపోతే మూలనున్న మీట నొక్కి నీ వెర్షను పాఠానికి పో అని రాసి ఉంది. మనవరాలు చదివి తెలుగులో చెబుతుంటే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. మా ఆవిడ నడుం పట్టేసిందేమోననుకుని అమృతాంజనం కోసం లేచింది.

పిల్ల ఇంకో పది నిమిషాల్లో మొదటి పేజీ తెరిపించి, "వచ్చేసింది!" అని గంతేసి, అన్నానికి కూర్చుంది. నాకు మాత్రం ముద్ద దిగలేదు. ఎందుకో చెబుతాను. నలభై ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు, మా ఆవిడతో సహా.

నేను 1981లో ఉద్యోగంలో చేరాను. రెండేళ్ళకు రేపల్లె వైపు ఒక ఆఫీసుకు మార్చారు. ఏ ఆఫీసో చెప్పను. ముసలివాళ్ళు, వితంతువులు, ఆసరా లేనివాళ్ళు దరఖాస్తులు పట్టుకుని వచ్చేవారు. వచ్చినవాళ్ళందరికీ ఏమేం తేవాలో నోటితో చెప్పీ చెప్పీ మా హెడ్ క్లర్కు గొంతు పోయింది. "నీ చేతిరాత బాగుంటుందిగదా, ఒక బోర్డు రాసి పెట్టవోయ్" అన్నాడు.

రాశాను. 1983 అది. పెద్ద డ్రాయింగు షీటు కొని, నల్ల ఇంకుతో, రెండు ఆదివారాలు కూర్చుని రాశాను. "దరఖాస్తుతో జతపరచవలసినవి" అని పైన శీర్షిక. కింద వరసగా అంకెలు. మూడోది: గ్రామ కరణంగారి ధృవపత్రం. నాలుగోది: తాలూకా ఆఫీసు ముద్ర. తెనాలి తెచ్చి ఫ్రేము కట్టించి, అద్దం వేయించి గోడకు తగిలించాను. వచ్చిన ప్రతి పెద్ద ఆఫీసరూ దాని ముందు నిలబడి "ఎవరు రాశారు?" అనేవాడు. నేను వినయంగా తలొంచుకునేవాణ్ణి. అలా తలొంచుకోవడంలో ఉన్న సుఖం అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది.

1984 జనవరిలో ప్రభుత్వం కరణాలనూ మునసబులనూ తీసేసింది. మీలో పెద్దవాళ్ళకు గుర్తుండే ఉంటుంది, రాష్ట్రమంతా అదే కబురు. 1985 మేలో తాలూకాలు పోయి మండలాలొచ్చాయి. ఆ ఉత్తర్వులన్నీ మా ఆఫీసుకొచ్చాయి. వాటిని పంచ్ చేసి, తేదీలవారీగా స్టాకు ఫైల్లో కట్టినవాణ్ణి నేనే. అంత శుభ్రంగా కట్టిన ఫైలు ఆ చుట్టుపక్కల ఏ ఆఫీసులోనూ లేదు. బోర్డు మాత్రం మార్చలేదు.

మర్చిపోయానా అంటే, లేదు. నా కుర్చీకి ఎదురుగానే ఉండేది. రోజూ చూసేవాణ్ణి. మార్చాలంటే అద్దం విప్పాలి, కొట్టివెయ్యాలి, పక్కన చిన్న అక్షరాలతో ఇరికించాలి. అందం చెడిపోతుంది. అదీ అసలు సంగతి. "అయినా కరణాలు పోయారని ఎవరికి తెలీదు గనక!" అని నాకు నేనే సర్ది చెప్పుకున్నాను.

1985 వానాకాలంలో కృష్ణ ఒడ్డు పల్లె నుంచి ఒక ముసలమ్మ వచ్చింది. వెంట పదేళ్ళ మనవడు. వాడు బోర్డు ముందు నిలబడి, నోట్‌బుక్కులో అక్షరం అక్షరం ఎక్కించుకుని తీసుకెళ్ళాడు. వారం తరవాత మళ్ళీ వచ్చింది, కరణం సంతకం పెట్టించుకుని. ఉద్యోగం పోయిన కరణం పాపం, అడిగింది గదా అని, పెట్టేసి ఉంటాడు. మా పక్క సీటాయన చూసి, "కరణం ఎక్కడున్నాడమ్మా ఇప్పుడు? ఇది చెల్లదు" అని తిరగ్గొట్టాడు. ఆవిడ బోర్డు చూపించింది. ఆయన తలెత్తకుండానే "అది పాతది" అన్నాడు.

మూడోసారి కొత్త కాగితంతో వచ్చింది. ఈసారి ముద్ర తేడా. వెతుక్కుంటూ పోయి తాలూకా పేరుతో ఉన్న పాత ముద్రే వేయించుకొచ్చింది, బోర్డు మీద అలాగే ఉంది గనక. మళ్ళీ తిరగ్గొట్టారు. చీర కొంగు పిండుకుంటూ వచ్చి నా బల్ల ముందు నిలబడింది. కోపంగా ఉంటే బాగుండేది. కోపం లేదు.

"బాబూ, అందరూ కరణాల్లేరనే అన్నారు. నేనే ఒప్పుకోలా. ఈ కాయితానికి మాత్రం ఆయనే గావాలేమోలే, గోడమీద అట్టానే ఉందిగదా అన్నాను. రాసినాయనెవరోగాని అచ్చరాలు ముత్యాల్లాగున్నయ్యి. అంత సెద్దగా రాసినాయన తప్పు రాస్తాడా?"

నేనేమన్నానో చెప్పమంటారా? "ఎవరో రాశార్లే అమ్మా" అన్నాను.

నాలుగోసారికి ఆవిడ పని అయింది. నాలుగు రోజుల కూలీ, బస్సు చార్జీలు, వానలో రాకపోకలు ఆవిడ ఖాతా. బోర్డు మీది ముత్యాలు నా ఖాతా. ఆ సాయంత్రం అందరూ వెళ్ళాక ఫ్రేము దించి, మేకులు ఊడదీసి, షీటు వెనక్కి తిప్పి, మామూలు పెన్నుతో కొత్త జాబితా రాశాను. పైన తేదీ వేశాను. తగిలించేటప్పుడు అద్దం పెట్టలేదు. అద్దం పెడితే మళ్ళీ తియ్యబుద్ధి కాదని. ఒక్కటి మాత్రం చెప్పుకోవాలి. మండల ఆఫీసరుకు తరవాత్తరవాత మళ్ళీ తాసిల్దారనే పాత పేరే వచ్చింది. అంటే ఆ బోర్డు మీద ఆయన పేరు గూడా ఉండుంటే, గోడ మీద దుమ్ముకొట్టుకుపోతూ ఓపిగ్గా కూర్చుని ఒక ముక్క మళ్ళీ నిజమయ్యేది. ఆగిపోయిన గడియారం రోజుకు రెండుసార్లు సరైన టైము చూపించినట్టు.

అన్నాలయ్యాక మనవరాల్ని పక్కన కూచోబెట్టుకుని కూపీ లాగాను. "జాంగో వాళ్ళు ఉన్నారే, వాళ్ళలో బోర్డు మార్చే గుమాస్తా ఎవరు?"

ప్రత్యేకించి ఎవరూ లేరట! ఎక్కువమంది జీతం లేనివాళ్ళే. 2008లో ఒక ఫౌండేషన్ పెట్టుకున్నారు, 2014 నుంచి ఫెలోలని ఒకరిద్దరికి జీతమిచ్చి, వచ్చిపడే పని తెమల్చడానికి పెట్టుకుంటున్నారు. అంతే. కాని ఒక కట్టడి ఉంది. వాడుక పుస్తకం వేరే ఎక్కడో ఉండదు. ప్రోగ్రాము ఏ ఇంట్లో ఉందో ఆ ఇంట్లోనే, పక్క గదిలో, మామూలు అక్షరాల ఫైళ్ళుగా ఉంటుంది. ఎవరైనా సరే, ఎంత గొప్ప మార్పు తెచ్చినా, దానితోబాటు పుస్తకంలో ఆ ముక్కను కూడా మార్చి తేవాలి. తేకపోతే "నాయనా, పుస్తకం సంగతేమిటి?" అని వెనక్కి పంపుతారు. ఫైలు కట్టడం, బోర్డు మార్చడం ఒకే పని అన్నమాట, రెండు పనులు కావు. ఆ కట్టడి మా ఆఫీసులో ఉండి, బోర్డు మార్చనిదే సర్క్యులరు ఫైలు చెయ్యకూడదని ఎవరైనా అనుంటే, నా చేతిరాత చెడి ఉండేది, ముసలమ్మ రెండో రాకతోనే బయటపడేది.

ఇంకో ముచ్చట. పుస్తకంలో కొత్త మార్పు పక్కన "ఇది ఫలానా వెర్షనులో వచ్చింది", "ఫలానా వెర్షనులో మారింది" అని చిన్న గుర్తు పెడతారు. బాగానే ఉంది. కొన్నాళ్ళు పోయి ఆ వెర్షను పాతబడ్డాక, కూచుని ఆ గుర్తుల్ని ఏరి తీసేస్తారట! ఇది విని నేను ముక్కున వేలేసుకున్నాను. చేర్చడానికి నలుగురూ వస్తారు. తీసెయ్యడానికి మనసు రావద్దూ? మా ఇంటి అటక మీద ఏముందో మీకు తెలిస్తే నా ఆశ్చర్యం అర్థమవుతుంది.

"తప్పు కనబడితే నేను చెప్పినా వింటారా?" అన్నాను.

"అక్షరదోషమైతే ఫిర్యాదు కాగితం కూడా అక్కర్లేదు తాతయ్యా, సరిదిద్ది పంపించెయ్యడమే. కాని నీకు దొరకదు" అంది నవ్వుతూ. వెతికాను. రెండు రోజులు, భూతద్దం పెట్టి. నాకైతే దొరకలేదు. నా ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమేననుకోండి.

తరవాత అది ఇంకో తమాషా చూపించింది. సెట్టింగుల్లో భాష దగ్గర ఇంగ్లీషుకు బదులు తెలుగు గుర్తు రెండక్షరాలు కొట్టేసరికి, జాంగో లోపలి గదులు తెలుగులో మాట్లాడాయి! ఏ మహానుభావులో కూచుని తెలుగు చేశారు. ఛాతీ రెండంగుళాలు పొంగింది. ఇంకాస్త చూస్తే, కొన్ని మాటలు తెలుగులో, కొన్ని ఇంగ్లీషులో ఉన్నాయి. మొదలుపెట్టినవాళ్ళకు కొనసాగించే తీరిక దొరికి ఉండదు. వాడుక పుస్తకం ఏయే భాషల్లో ఉందో చూడమన్నాను. ఫ్రెంచి ఉంది, జపాను ఉంది, కొరియా ఉంది. తెలుగు కనబడలేదు.

నాకు పౌరుషం వచ్చింది. "నువ్వు అర్థం చెప్పు, నేను తెలుగు రాస్తాను. రిటైరై ఖాళీగానే ఉన్నాగా. మొత్తం రాసిపారేద్దాం" అన్నాను.

పిల్ల వెంటనే ఎగిరి గంతేస్తుందనుకున్నాను. కాస్సేపు ఊరుకుంది. "రాయడం పెద్ద కష్టం కాదు తాతయ్యా. ఎనిమిది నెలలకోసారి కొత్త వెర్షనొస్తుంది. ప్రతిసారీ మొదట్నుంచీ చూడాలి. చూస్తావా?" అంది.

నాకు అరవై ఆరేళ్ళు. గోడ మీది బోర్డు కళ్ళముందు మెదిలింది. ముత్యాల్లాంటి తెలుగు, అద్దం, ఫ్రేము. దాన్ని నమ్మి ఏ పల్లెటూరి పిల్లో రెండు రాత్రులు జాగారం. నోరు మూసుకున్నాను. ఓడిపోయానని కాదు, లెక్క వేసుకున్నాను.

చివరికి రాజీ కుదిరింది. మొత్తం వద్దు. జిరాక్సు బొత్తిలో తరచూ పనికొచ్చేది ఆరు పేజీలు. ఆ ఆరూ సరిదిద్ది తెలుగులో రాశాం. నేను రాయడం, అది కంప్యూటరు మీద ఒక్కొక్క మెట్టూ చేసి చూడడం. ఒకచోట నేను "తరవాత ఫైలు తెరవవలెను" అని రాస్తే, "ఏ ఫైలు? ఎక్కడుంది? నీకు తెలుసు, చదివేదానికెలా తెలుస్తుంది?" అని నిలదీసింది. ముప్పై ఏడేళ్ళ సర్వీసులో నన్నెవరూ అలా నిలదియ్యలేదు. పైన పెద్దక్షరాలతో "జాంగో 5.2 కు. 2025 ఆగస్టు" అని వేసి, "వెర్షను వేరైతే ఇది నమ్మకండి" అని కింద గీత గీశాను. పిల్ల నవ్వింది. నేను నవ్వలేదు.

బాపట్లలో జిరాక్సు షాపతను సామాన్యంగా ఒప్పుకోలేదట. పాత బొత్తులు ఇంకా నలభై ఉన్నాయి, అవి అమ్ముడుపోతేగాని కొత్తవి వెయ్యనన్నాడు. మా పిల్ల, దాని స్నేహితురాళ్ళు చందాలేసుకుని నలభై బొత్తులూ బేరమాడి కొనేసి, పాతకాగితాలవాడికి అమ్మేశారు. నష్టం ఎంతని అడగలేదు నేను. సంక్రాంతికి నా చేత్తో ఎక్కువ పెట్టాను.

డిసెంబరులో 6.0 వచ్చింది. రైలు దిగుతూనే పిల్ల, "తాతయ్యా, కూర్చో" అంది. ఆరు పేజీలూ మళ్ళీ చేసి చూశాం. మా ఆరు పేజీల్లో మారిందేమీ లేదు. "మరింకేం, పడుకో" అన్నాను. "ఉండు" అని, కింద "6.0 తో చూశాం, మార్పు లేదు, 2025 డిసెంబరు" అని తనే కలిపింది. నేను నేర్పకుండానే. మార్పు లేదని రాయడం కూడా రాతేనని దానికెవరు చెప్పారో!

వచ్చే ఏడు దాని చదువు అయిపోతుంది. ఏ హైదరాబాదో బెంగుళూరో పోతుంది. ఆరు పేజీల గతేమిటని అడిగాను. మా ఆఫీసుల్లో బదిలీ అయితే చార్జి లిస్టు రాసి, కొత్తవాడి సంతకం తీసుకుని గాని కదలనిచ్చేవాళ్ళు కాదు. దానికీ ఆ ఏర్పాటు చేసింది. రేపల్లె అమ్మాయే ఒకతె, రెండో సంవత్సరం. ఇద్దరూ ఒకే బండిలో వస్తారు. పోయిన ఆదివారం ఇద్దరూ మా ఇంట్లో దిగారు. ఆ పిల్ల బెరుగ్గా, "తాతగారూ, మూడో పేజీలో మీరు రాసిన వాక్యం నాకర్థం కాలేదండీ" అంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. నాకూ అర్థం కాలేదు.

ముగ్గురం కూచుని ఆ వాక్యం కొట్టేసి, తిరగరాస్తున్నాం. వంటింట్లోంచి మా ఆవిడ కేక.

"ఏవండీ, దేశానికి రాసిపెట్టింది చాల్లెండి. స్టవ్వు పక్కన గోడమీద మీరు అందంగా రాసి అంటించారే, గ్యాసు కంపెనీ నంబరు, దానికి ఫోను చేస్తే ఎవరో కోళ్ళ షాపువాడు ఎత్తి, స్కిన్ లెస్సా, విత్ స్కిన్నా అంటున్నాడు!"

పెన్ను పట్టుకుని లేచాను. గోడ దగ్గరికెళ్ళి చూస్తే, నంబరు మీద ప్లాస్టిక్ టేపు కూడా అంటించి ఉంది, నూనె పడి చెరిగిపోకుండా. గోటితో గీకుతుంటే రావడం లేదు.